తుండు కట్టిన బోనులు

మా మేనమామ ఏడవడం నేనొక్కసారి చూశాను. ఈ సంగతి ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. అత్తకు చెబితే నమ్మదు. అమ్మకు చెబితే, తన అన్న ఎండిపోయిన బురదలో గొంతుకూర్చుని, భుజం మీది తుండుగుడ్డ నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చాడని విని, మళ్లీ మొదటినుంచి ఏడుపు మొదలుపెడుతుంది. ఆ రోజు డైరీలో కూడా "ఆరంబాక్కంలో పెళ్లి. ఎండ ఎక్కువ" అని మాత్రమే రాసి మూసేశాను.

మామ కిందటి ఐపసి నెల, దీపావళి వానల్లో చనిపోయాడు. తిరుత్తణిలో తన ఎరువుల అంగడిలో, కుర్చీలో కూర్చున్నవాడు కూర్చున్నట్టే. కొనడానికి వచ్చిన రైతులు నిద్రపోతున్నాడనుకుని, లేపడం ఎందుకని తిరిగి వెళ్లిపోయారట. చావు ఇంటికి వచ్చినవాళ్లంతా ఆయన మాటకారితనం గురించి చెప్పుకున్నారు. ఆదివారాలు ఎండ్రకాయలు పట్టడానికి పోయే పిచ్చిని తలుచుకుని ఒకరిద్దరు నవ్వారు కూడా. మునుసామి పేరు మాత్రం ఎవరూ ఎత్తలేదు. ఆ పేరు మా ఇళ్లలో నాకు తప్ప ఎవరికీ తెలియదు. మామ తన చివరి నెలలన్నీ ఆ ఒక్క మనిషి ముందు నిలబడి ఒక్క మాట చెప్పడం ఎలాగా అని మథనపడ్డాడు. నాకు ఎక్కువగా గుర్తున్నది అలా మథనపడిన మామే.

మా పెద్దవాళ్లది పొదటూరుపేట దగ్గర చెరువు కింద మడుల ఊరు. అక్కడ ఎండ్రకాయ అంటే మడి గట్టుకు బొక్కలు పెట్టే తెగులు. కనిపిస్తే చెప్పుతో కొడతారు. అటువంటి ఊళ్లో పుట్టిన మనిషికి ఎండ్రకాయలు పట్టడం మీద మనసు ఎలా పోయిందో ఆయనే చెప్పలేకపోయేవాడు. మొదట్లో పూండి జలాశయానికి పోయి చూశాడట. కాపలావాళ్లు తరిమేశారు. "ఆ నీళ్లు పట్నమోళ్లు తాగేవంట. మన కాలు తగిలితే వాళ్లకు జలుబు చేస్తాదంట," అని వచ్చి చెప్పాడు. తర్వాత ఎవరో పులికాట్ సరస్సు సంగతి చెబితే ఆరంబాక్కం దారి పట్టాడు.

రక్తపోటు ఉన్న మనిషిని ఒంటరిగా నీళ్ల దగ్గరికి పంపనని అత్త పట్టుబట్టింది. తోడుగా ఎవరు పోవాలన్న ప్రశ్న వచ్చినప్పుడు మామ నన్ను చూపించాడు. "ఈ పాప రానీ. దీనికి నోరు లేదు, ఎండ్రకాయలకు చెవులు లేవు. ముగ్గురికీ సరిపోతాది." అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. మనుషుల మధ్యకు వెళ్లాలంటే నాకు బెరుకు గాని, మామతో వెళ్లడం మనుషుల మధ్యకు వెళ్లినట్టు ఉండేది కాదు. మాట్లాడే పనంతా ఆయనే చూసుకునేవాడు.

మేముండేది తిరువళ్లూరులో. ఆదివారం పొద్దున్నే ప్లాట్‌ఫారం మీద నిలబడితే, తిరుత్తణి నుంచి వచ్చే లోకల్ బండి తలుపు దగ్గర ఒక తుండు జెండాలాగా ఊగుతూ కనిపించేది. ఆ పెట్టెలోకి ఎక్కితే నా సీటు మీద ఇంకో తుండు పరిచి ఉండేది. బండి ఖాళీగా ఉన్నా పరిచేవాడు. పట్నంలో, అంటే చెన్నైలో, బండి మారి ఆరంబాక్కం చేరేవాళ్లం.

తుండు మీద ఆయనకున్న నమ్మకం దేవుడి మీద కూడా ఉండేది కాదు. టీకి పోతే అంగడి తలుపులు వేసేవాడు కాదు. కుర్చీ మీద తుండు వేసి పోయేవాడు. కళ్లంలో ధాన్యం రాశి మీద, పెళ్లి పందిట్లో కుర్చీ మీద, బస్సు కిటికీలోంచి సీటు మీద, అన్నిటికీ తుండే. ఒకసారి పొదటూరుపేట బస్సులో ఒకాయన మామ తుండు పక్కకు నెట్టి కూర్చున్నాడు. మామ కోప్పడలేదు. ఆయన పక్కనే నిలబడి, ఎంతో మర్యాదగా అడగడం మొదలుపెట్టాడు. "ఈ తుండు తమదా సామీ? కాదా? మరి ఎవురిదో పాపం. యాడ నిలబడుకోని అగచాట్లు పడతా ఉండాడో. పెద్దాయనేమో. కాళ్లనొప్పులేమో." రెండు స్టాపులు దాటకముందే ఆయన లేచిపోయాడు.

ఆరంబాక్కం స్టేషన్ పక్కన మునుసామి సైకిల్ స్టాండు ఉంది. రేకుల పంచ, ఒక బల్ల, ఎప్పుడూ పాడుతూ ఉండే రేడియో. మామ తన పాత సైకిల్ అక్కడే ఉంచేవాడు, బోనులు కూడా. నాకు స్టాండులోనే ఇంకో సైకిల్ దొరికేది. వాళ్లిద్దరికీ ఏ చుట్టరికమూ లేదు, కులమూ ఒకటి కాదు. అయినా మొదటి వారం నుంచీ ఒకరినొకరు బావా అని పిలుచుకున్నారు. బావ అన్న తర్వాత ఎన్ని మాటలన్నా చెల్లుతుంది కదా.

"ఏం బావా, ఈ దినం మా ఎండ్రకాయలకు విందు ఏం తెచ్చినావు?"

"కోడి తలకాయలు."

"నాకేమో మీ ఇంటి పులిహోర, వాటికి కోడి. ఇదేనా బావకు చేసే మర్యాద?"

"నువ్వు గూడా బోన్లోకి దూరు. నీకూ కోడి పెడతా."

బోనులు వాళ్లిద్దరూ కలిసి కట్టినవే. పాడైన సైకిల్ చక్రాల రిమ్ములు మునుసామివి, నైలాన్ వల మామది. రెండు రిమ్ముల మధ్య వల చుట్టి, లోపల ఎర కట్టి, లోపలికి దూరితే బయటకు రాలేని దారి పెట్టి, తాడు చివర ఖాళీ ప్లాస్టిక్ బుడ్డి కట్టేవాళ్లు. బుడ్డి నీళ్ల మీద తేలుతుంది, బోను అడుగున ఉంటుంది. సరస్సులో ఒక పిల్లకాలువ మలుపు దగ్గర ఐదారు బోనులు దించి, మళ్లీ స్టాండుకు వచ్చి తిని, కబుర్లు చెప్పుకుని, సాయంత్రం పోయి ఎత్తడం. అదీ పద్ధతి.

ఇంతకీ మామ ఎండ్రకాయ తినడు. చిప్పలు కొరకడం ఆయనకు చిరాకు. అత్త వాటిని గడప దాటనివ్వదు, అందులోనూ ఆదివారం తిరుత్తణి స్వామి కృత్తిక వస్తే ఆ పేరు కూడా ఎత్తకూడదు. పట్టినవన్నీ మునుసామి ఇంటికే. గుడ్లున్న వాటిని మామ నీళ్లలోకి తిరిగి వదిలేవాడు. ఆయనకు కావలసింది తాడు లాగే ఆ కొద్దిసేపు. ప్యాంటు మడిచి మోకాళ్ల లోతు నీళ్లలో నిలబడి, లాగుతూ లాగుతూ సగంలో ఆపి, నా వైపు తిరిగేవాడు. "పాపా, లోపల ఏముందో ఇప్పుడు ఎవురికీ తెల్దు. నాకూ తెల్దు, నీకూ తెల్దు, గవర్మెంటుకు గూడా తెల్దు." తర్వాత ఒక్క గుంజు గుంజేవాడు. ఖాళీ బోను వచ్చినా ఆయన ముఖం అలాగే వెలిగేది.

ప్రతి బుడ్డికీ ఒక తుండు పేలిక కట్టడం కూడా ఆయన పద్ధతే. ఎర్రంచు గళ్ల తుండు చించి, ఒక్కొక్క పేలికా ఒక్కొక్క బుడ్డికి. మునుసామి మొదటినుంచీ వద్దన్నాడు.

"ఈడ ఎవురూ ఇట్ల చెయ్యరు బావా. బుడ్డి గూడా నీళ్లల్లోకి ముంచేసి, గట్టు మింద చెట్టు చూసి గుర్తు పెట్టుకుంటారు. నువ్వేమో ఆరు మైళ్లకు కనపడేట్టు గుడ్డ కడితివి. దొంగోడికి కండ్లు లేవనుకుంటివా?"

"దాచిపెట్టేది దొంగసొత్తు బావా. నాది నేనెందుకు దాచాల? తుండేసినాక ఎవుడు ముట్టుకుంటాడు?"

"మీ అంగట్లో ముట్టుకోరు. ఈ నీళ్లకు మీ అంగడి తెల్దు."

నీళ్లకు నిజంగానే తెలియలేదు. ఒక సాయంత్రం పోయి చూస్తే ఒక బోను లేదు. "పిలకాయలు ఆటకు ఎత్తుకోని పోయింటారు," అని మామ నవ్వేశాడు. ఇంకో వారం ఇంకొకటి పోయింది. ఆయన కొత్తవి కట్టి, ఇంకా పెద్ద పేలికలు కట్టాడు. "చిన్న గుడ్డ అయ్యేసరికి కనపళ్లేదేమో," అన్నాడు. మునుసామి నుదురు కొట్టుకున్నాడు.

ఆయన పోవడానికి ముందటేడు కార్తీకంలో ఒక ఆదివారం బోనులు దించిన గంటకే వాన పట్టుకుంది. రైళ్లు ఆగిపోతాయన్న మాట వచ్చింది. మామ నీళ్ల వైపు చూస్తూ తటపటాయిస్తుంటే మునుసామి తోశాడు. "పాపను తీసుకోని నువ్వు పో బావా. వాన నిలిస్తే నేను పొయ్యి ఎత్తి పెడతా." మేము ఆఖరి బండి అందుకున్నాం. వాన వారమంతా కురిసింది.

తర్వాతి ఆదివారం వెళ్లేసరికి స్టాండులో ఎండ పడుతోంది, జనం సైకిళ్ల కోసం నిలబడి ఉన్నారు. మునుసామి చెప్పాడు. "రెండుసార్లు పోయినా బావా. బుడ్లు లేవు, తాళ్లు లేవు, ఒగటీ లేదు." మామ సరేనన్నట్టు తలాడించాడు. అప్పుడే మునుసామి చేతిలోని గుడ్డ మీద ఆయన చూపు పడింది. మునుసామి ఎవరిదో సైకిల్ సీటు తుడుస్తున్నాడు. గళ్ల గుడ్డ, ఎర్రంచు.

"ఇదేంది?"

"ఇదా, నీదే. గట్టు మింద ముండ్ల కంపకు తగులుకోనుండె. నీకు చూపిద్దామనే తెచ్చినా. చేతికి వచ్చె, తుడస్తా ఉండా."

"గుడ్డ దొరికింది. బోనులు దొరకలా?"

మునుసామి దాన్ని బావ మాటగానే తీసుకున్నాడు. "దొరికింటే ఈ పాటికి పులుసు తాగి బలిసుండనా?"

"నవ్వద్దు మునుసామీ. ఆ తావు తెలిసింది నీకొక్కడికే."

బావా అనలేదు. అంతమంది ముందు పేరు పెట్టి పిలిచాడు. రేడియో పాడుతూనే ఉంది. సైకిళ్ల కోసం వచ్చినవాళ్లు తాళంచెవులు పట్టుకుని అలాగే నిలబడ్డారు. మునుసామి ముఖంలో నవ్వు పోవడానికి కొంతసేపు పట్టింది. ఆ పేలికను బక్కెట్లో జాడించి, గట్టిగా పిండి, మామ చేతిలో పెట్టాడు. లోపలికి పోయి మామ సైకిల్ నడిపించుకొచ్చి ఎదురుగా స్టాండు వేశాడు.

"ఇది గూడా తీసుకోని పో. ఈడుంటే పోతాదేమో."

మామ ఆ సైకిల్‌ను బస్సు మీద వేయించి గుమ్మిడిపూండి తీసుకుపోయి, ఒక రిపేరు అంగడిలో ఎంతకో అంతకు ఇచ్చేశాడు. తిరుగు బండిలో దారి పొడుగునా యూరియా గురించే మాట్లాడాడు. తిరువళ్లూరులో నేను దిగి వెనక్కి చూస్తే తలుపు దగ్గర ఎవరూ లేరు.

ఆ తర్వాత ఆదివారాలు ఆయన ఇంట్లోనే ఉన్నాడు. అత్త సంతోషించింది. "పీడ వదిలింది. యాపారం చేసుకునే మనిషికి ఆ నీసు పనేల?" అని అమ్మకు ఫోన్లో చెప్పింది. మామ గోడ వైపు తిరిగి పడుకుని పేపరు చదివేవాడట.

వైగాసి నెలలో, నడి ఎండాకాలంలో, ఆయన అంగడికి వచ్చే ఒక రైతు కూతురి పెళ్లి ఆరంబాక్కంలో జరిగింది. అత్తకు మోకాళ్ల నొప్పులని నన్ను తోడు రమ్మన్నాడు. స్టేషన్‌లో దిగితే స్టాండు ముందునుంచి పోవాలి. అందుకని గుమ్మిడిపూండిలోనే దిగి బస్సు ఎక్కించాడు. భోజనాలయ్యాక, "ఊరికే ఒకసారి చూసొద్దాం పాపా," అని సరస్సు వైపు నడిచాడు.

అది సరస్సని చెబితే తప్ప తెలియదు. ఆ ఒడ్డున నీళ్లు ఎంతో దూరం వెనక్కి పోయాయి. బురద పలకలు పలకలుగా పగిలి ఉంది. పిల్లకాలువ ఒట్టి గాడిలా మిగిలింది. మేము బోనులు దించే మలుపు నుంచి చాలా దిగువన, వరద కొట్టుకొచ్చిన తుమ్మకంప గుట్టలాగా పడి ఉంది. దాని మొదట్లో ఏదో గుండ్రంగా కనిపించింది. మామ నాకంటే ముందే గుర్తుపట్టాడు.

బోనులన్నీ అక్కడే ఉన్నాయి. తాళ్లు ఒకదానికొకటి చుట్టుకుని, కంపలో ఇరుక్కుని, సగం బురదలో పూడిపోయి. ఆ వారం వాన నీటికి కొట్టుకొచ్చి, తాళ్లు చిక్కుపడి బుడ్లను కూడా అడుక్కు లాక్కున్నాయి. తుప్పు పట్టిన రిమ్ముల మీద వాళ్లిద్దరి ముళ్లు అలాగే ఉన్నాయి. మామ ఒక బోనును బయటకు లాగాడు. లోపల గలగలమంది. నిండా ఎండ్రకాయ చిప్పలు. పెద్దవి, చిన్నవి, ఎండకు తెల్లబడినవి. ఎర అయిపోయాక కూడా అవి వస్తూనే ఉన్నాయన్నమాట. ముందు దూరింది చస్తే, దాని కోసం ఇంకొకటి. దాని కోసం మరొకటి.

మామ గొంతుకూర్చుని ఆ చిప్పల్ని ఒక్కొక్కటిగా బయటికి తీయడం మొదలుపెట్టాడు.

"ఇన్నాళ్లూ ఇది పడతానే ఉండింది పాపా," అన్నాడు. "ఎత్తేవాడు లేకపోయినా పడతానే ఉండింది."

అప్పుడే ఆయన ఏడ్చాడు. నేను ఏం చేయాలో తెలియక గొడుగు ఆయన మీదికి వంచి నిలబడ్డాను.

కాసేపటికి, "పోదాం మామా, ఇప్పుడే పొయ్యి చెప్పేద్దాం," అన్నాను. అది నా నోట్లోంచి వచ్చిందంటే నాకే ఆశ్చర్యం.

ఆయన తల అడ్డంగా ఊపాడు. "ఉత్త చేతుల్తో పొయ్యేదానికి అదేమన్నా టీ అంగడా? పదిమంది ముందర అన్న మాట అది."

మాటలు తెగిన ఇంటికి తిరిగి పోవడానికి మావాళ్లలో ఒక పద్ధతి ఉంది. ఆకు వక్క, అరటిపళ్లు తట్టలో పెట్టుకుని ఇంటి ఆడపిల్ల ముందు నడవాలి. ఆడపిల్ల గడప తొక్కితే ఎంత కోపం ఉన్నా తలుపు మూయరు. తప్పు చేసినవాడు వెనక నిలబడతాడు.

"నువ్వు ముందర నడవాల పాపా. నేను నీ వెనకాల ఉంటా."

"నడుస్తా మామా."

"నడుస్తావా? ఆ మనుషుల్లో?"

"నడుస్తా."

వచ్చే ఆదివారం అనుకున్నాం. శనివారం ఫోన్ చేసి, అష్టమి అన్నాడు. రాహుకాలంలో అంగడి తెరిచి, "రాహువుకు గూడా యూరియా కావాల గదా," అని నవ్వే మనిషి ఆయన. ఆ తర్వాతి వారం కృత్తిక. ఆ తర్వాత ఆడి నెల, మంచి పనికి పనికిరాదు. ఆవణి నెలలో అంగడికి సరుకు వచ్చింది. ప్రతి శనివారం సాయంత్రం ఫోన్ మోగేది, ప్రతిసారీ పంచాంగం కొత్త అడ్డు చెప్పేది. అంత మాటకారికి ఆ ఒక్క మాట నోరు దాటలేదు. ఇంతలో ఐపసి వానలు వచ్చాయి.

పోయిన నెలలో లైబ్రరీకని ఇంట్లో చెప్పి నేనొక్కదాన్నే ఆరంబాక్కం వెళ్లాను. తట్ట మోసుకుపోయే ధైర్యం లేక ఆకు వక్క, పళ్లు గుడ్డసంచిలో పెట్టుకున్నాను. స్టాండు ముందు ఎంతసేపు నిలబడ్డానో. మునుసామి బాగా తగ్గిపోయాడు. ఒక చక్రానికి గాలి కొడుతూ తలెత్తి చూశాడు.

"బావ మేనకోడలు గదా నువ్వు?"

ఆ మాట వినగానే నేను దారంతా అల్లుకున్న మాటలన్నీ పోయాయి. సంచి బల్ల మీద పెట్టి, మామ చనిపోయాడని చెప్పాను. బోనులు కంపలో దొరికాయని, తప్పు తనదేనని మామకు వైగాసిలోనే తెలిసిందని, నన్ను ముందు పెట్టుకుని రావాలనుకున్నాడని తోచిన వరసలో చెప్పేశాను.

మునుసామి గాలి పంపు కింద పెట్టి బల్ల మీద కూర్చున్నాడు. రేడియో ఆపేశాడు.

"వచ్చినాడమ్మా," అన్నాడు. "రాలేదని నువ్వు అనుకుంటా ఉండావు. వచ్చినాడు. ఆ ఎదర ప్లాట్‌ఫారం బెంచీ చూడు. రెండు మూడు ఆదివారాలు దాని మింద కూచోనుండె. ఒళ్లో ఇట్లాంటి సంచే. పట్నం పొయ్యే బండి వచ్చేదాకా కూచోని, మళ్లా ఎక్కి పొయ్యేవాడు."

మామ ఆవణి, పురట్టాసి నెలల్లో కొన్ని ఆదివారాలు సరుకు మాట్లాడటానికని చెన్నైకి పోయి, నలిగిన అరటిపళ్లతో ఇంటికి వచ్చేవాడని అత్త ఒకసారి విసుక్కుంది. పట్నంలో పళ్లు కొనేదేంది, మన ఊళ్లో దొరకవా అని. అది నాకు అక్కడ నిలబడి ఉండగా గుర్తొచ్చింది.

"మీరు చూశారా మరి?" అని అడిగాను.

"చూడకుండా? ఈడినుంచి ఆ బెంచీ ఎంత దూరం? చూసి, చూడనట్ట సైకిళ్లు సర్దుకుంటా ఉంటి. అన్నోడే రానీలే, నా కాడికి వాడే రావాల గదా అని." ఆయన సంచిలోంచి ఒక తమలపాకు తీసి, తొడిమ తుంచి, మళ్లీ ఏం చేయాలో తెలియనట్టు చేతిలోనే పట్టుకున్నాడు. పట్నం బండి వస్తున్న గంట మోగింది. నేను కదిలాను. ఆయన నా వెంట ప్లాట్‌ఫారం దాకా వచ్చాడు గాని, ఆ బెంచీ దగ్గర ఆగిపోయాడు.

"నేను బావా అని ఒక్క కేక పెట్టింటే లేచొచ్చింటాడు గదా పాపా?"